ఏరని గింజలు

ముంతాజ్ ఇప్పుడు వారానికి రెండు రోజులు గడివేములకో కోయిలకుంట్లకో బస్సెక్కి పోతుంది. సంచిలో నాలుగు గోనె ముక్కలు, ఒక పురికొస ఉండ, ఒక ఇనుప గొట్టం ఉంటాయి. కండక్టర్లకు ఆ గొట్టం మీద ఎప్పుడూ అనుమానమే. ఏమిటమ్మా ఇది అని అడిగితే శనగలు చూసేదన్నా అంటుంది. వాళ్ళకు అర్థం కాదు, టికెట్టు కొట్టి ముందుకు పోతారు. ఆ ఊళ్ళలో యువ రైతు క్లబ్బుల్లో చేరిన పిల్లలకు విత్తనం మొలక ఎట్లా చూడాలో నేర్పడం ఆమె పని. ఇరవై మూడేళ్ళ పిల్ల, సెంటు భూమి లేని ఇంట్లో పుట్టిన పిల్ల, రైతుల బిడ్డలకు విత్తనం గురించి చెబుతోందంటే ఆళ్ళగడ్డ దగ్గరి పెద్దవంకపల్లెలో ఇప్పుడు ఎవరూ ఆశ్చర్యపోరు. కానీ పోయినేడాది అక్టోబర్‌లో ఆ పిల్ల మాట, ఊరి శనగ పంట రెండూ కలిసి నాలుగు రోజులు తడి గోనెలో చుట్టుకుని ఉన్నాయి. చెప్పబోయేది ఆ నాలుగు రోజుల సంగతే.

ముందు ఆ గొట్టం గురించి చెప్పాలి. అది ముంతాజ్ నాయన హుస్సేన్ వలిది. ఆయన శనగల బేరగాడు. పెద్ద వ్యాపారేమీ కాదు, పాత మోపెడ్ మీద ఊరూరూ తిరిగి ఇక్కడ నాలుగు బస్తాలు, అక్కడ ఐదు బస్తాలు కొని నంద్యాలలో పెద్దవాళ్ళకు వేస్తాడు. మూరెడు గొట్టం, ఒక కొస మొనదేలి ఉంటుంది, పక్కన గాడి ఉంటుంది. గోనె నేత సందులోంచి లోపలికి గుచ్చితే బస్తా చిరగదు, నడుమ ఉన్న గింజలు జారి అరచేతిలో పడతాయి. పైన మంచివి పోసి అడుగున పుచ్చులు నింపిన బస్తా గుట్టు అలా బయటపడుతుంది. అందుకే రైతులకు అదంటే గిట్టదు. గొట్టం గుచ్చాడంటే ధర తగ్గించబోతున్నాడని అర్థం. హుస్సేన్ వలి మంచివాడని అందరూ ఒప్పుకుంటారు గానీ ఆయన గొట్టాన్ని మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

ఊళ్ళో క్లబ్బు పెట్టింది హరీష్. డిగ్రీ అయ్యాక ట్రాక్టరు తోలుకుంటూ సొంత పొలం చూసుకునే కుర్రవాడు. నంద్యాల నుంచి వ్యవసాయాధికారి వచ్చి, ఊరి యువత సంఘంగా చేరితే శిక్షణ ఇప్పిస్తామన్నప్పుడు తొమ్మిది మంది మగపిల్లలు క్రికెట్ కిట్టు వస్తుందేమోనని పేర్లిచ్చారు. కిట్టు రాలేదు. మట్టి నమూనాలు తీసే సంచులు వచ్చాయి. అవి చూసి ముగ్గురు ఆ సాయంత్రమే తప్పుకున్నారు. మిగిలినవాళ్ళతో హరీష్ పాత రేషన్ గదికి సున్నం వేయించి, గోడకు నల్లబోర్డు తగిలించి, క్లబ్బు నడిపించాడు. ముంతాజ్ చేరతానని వచ్చినప్పుడు భూమి లేని పిల్లకు రైతు క్లబ్బులో ఏం పని అని ఒకరిద్దరు గొణిగారు. ఏం పనివ్వాలో హరీష్‌కూ తోచలేదు. చివరకు ఎవరూ ముట్టని పని ఒకటి మిగిలి ఉంటే అదే ఇచ్చాడు. అదే మొలక చూసే పని.

ఆ ఊళ్ళో శనగకు చాలామంది ఇంటి విత్తనమే విత్తుతారు. విత్తనం పాతబడ్డా, పురుగు తిన్నా చూపుకు తెలియదు. విత్తి వారం రోజులు ఎదురుచూశాక తెలుస్తుంది. అప్పటికి రేగడిలో పదును పోతుంది, మళ్ళీ విత్తడానికి తడి ఉండదు, ఆ ఏడు పంట అంతే. అందుకని విత్తకముందే నూరు గింజలు లెక్కపెట్టి, తడి గోనెలో వరుసగా పేర్చి, చాప చుట్టినట్టు చుట్టి నాలుగు రోజులు ఉంచాలి. విప్పి, ఎన్ని మొలిచాయో చూడాలి. ముంతాజ్ నంద్యాలకు మూడు రోజులు పోయి ఈ పని నేర్చుకుని వచ్చింది. ఒక పంటకాలం ఊరి విత్తనమంతా చూసి చూపిస్తే ఇంకో నాలుగు ఊళ్ళ క్లబ్బులకు నిన్నే నేర్పమంటాం అని అధికారి అన్నాడు. చదువు అయిపోయి రెండేళ్ళుగా ఇంట్లో కూర్చున్న పిల్లకు ఆ మాట ఎంత పెద్దదో తల్లి గుల్జార్‌బీకి తెలుసు.

నోటుపుస్తకంలో ముంతాజ్ మొదటి పేజీలోనే ఒక మాట రాసుకుని కింద రెండు గీతలు గీసింది. గింజలు బస్తా పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి మన చేత్తోనే తీయాలి అని. తీరా పని దగ్గరికి వచ్చేసరికి ఆ గీతల మీద నిలబడలేకపోయింది. విత్తనపు బస్తాలు ఇంటి లోపలి గదిలో, దేవుని పటాల పక్కన ఉంటాయి. వాటికి పసుపు బొట్లు పెట్టి ఉంటారు. స్నానం చేయకుండా ఇంటివాళ్ళే ముట్టరు. బేరగాని కూతురు వచ్చి అందులో చెయ్యి పెడితే, ఏ ఇంట్లో ఎంత సరుకుందో నాయన కోసం చూసిపోతోందని అనరా? సిగ్గూ భయమూ కలిసి ఆ పిల్ల గడప దగ్గరే ఆగిపోయింది. పద్నాలుగు ఇళ్ళ ముందు నిలబడి, పిడికెడు గింజలు మూటకట్టి పంపమని ఆడవాళ్ళను అడిగి వచ్చేసింది.

మూటలు వచ్చాయి. ఎంత చక్కని మూటలు! ఉతికిన గుడ్డలు, కొన్నిటికి పసుపు రాసిన దారం. ముంతాజ్ మురిసిపోయింది. నాలుగు రోజుల తర్వాత విప్పితే అన్నీ తొంభై నాలుగు, ఆ పైనే. హరీష్ ఆ లెక్కలు బోర్డు మీద సుద్దతో పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు. ఇరవై ఎకరాల ఆసామి నరసింహులు పేరు పక్కన తొంభై ఎనిమిది పడింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. మరుసటి రోజు ఆళ్ళగడ్డలో టీ తాగిన ప్రతిచోటా మా ఇంటి విత్తనం తొంభై ఎనిమిది అని చెప్పుకున్నాడట. మోటారు స్పేర్‌పార్టులు అమ్మేవానికి కూడా చెప్పాడని హరీష్ నవ్వాడు.

గురువారం మధ్యాహ్నం కుండపోతగా వాన పడింది. రేగడి ఆరి పదునుకు రావడానికి ఐదారు రోజులు పడుతుంది. బుధవారం విత్తుదామని ఊరంతా ట్రాక్టర్లు మాట్లాడుకుంది. శుక్రవారం పొద్దున ముంతాజ్ కొళాయి దగ్గర బిందె పట్టుకుంటుంటే నరసింహులు భార్య కొండమ్మ వచ్చి పక్కన నిలబడింది. ఆమె ముఖంలో చిన్న వెలితి ఉంది.

“నూటికి నూరు రాల్యా పాపా? ఆ రెండు యాడ పోయినాయి?” అంది కొండమ్మ. “రెండు పగళ్ళు కూచోని ఏరినా గదా.”

ఏరడమేమిటి పెద్దమ్మా అని ముంతాజ్ అడిగింది. కొండమ్మ అందులో దాచేదేముంది అన్నట్టు చెప్పుకుపోయింది. చేటలో పోసి, పుచ్చులు తీసి, నలిగినవి తీసి, ముడుచుకున్నవి తీసి, నిండుగా ఉన్నవే పంపిందట. ఒక ఇంటికి గింజలు పంపేటప్పుడు పుచ్చువి ఎవరైనా పంపుతారా? పైగా హుస్సేన్ వలి కూతురు మొదటిసారి పని పెట్టుకుంది, పిల్లకు మాట రాకూడదు. తనొక్కతే కాదు, సరస్వతమ్మ తప్ప వీధిలో అందరూ అలాగే ఏరారు. సరస్వతమ్మకు కళ్ళు సరిగా కనపడవు కాబట్టి ఏరలేదు.

బిందె నిండి నీళ్ళు కాళ్ళ మీద పడుతున్నా ముంతాజ్‌కు తెలియలేదు. బోర్డు మీద ఉన్నది ఊరి విత్తనం లెక్క కాదు, ఊరి ఆడవాళ్ళ చేటల పనితనం. బస్తాల్లో ఏముందో ఎవరికీ తెలియదు. ఆ అంకెలు నమ్ముకుని ఇంకో ఐదు రోజుల్లో రెండు వందల ఎకరాలు విత్తబోతున్నారు. కొండమ్మ మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. తన మీద ప్రేమతోనే కదా చేశారు.

హరీష్ దగ్గరికి పరుగెత్తింది. అతను విని తల పట్టుకున్నాడు. ఇప్పుడు చెబితే క్లబ్బు నవ్వులపాలవుతుందన్నాడు, అసలు విత్తనం బాగానే ఉండి ఉంటుందన్నాడు, కాస్త ఆగి ఆలోచిద్దామన్నాడు. అతని భయం అబద్ధం కాదు. ముంతాజ్‌కూ ఆ ఆశ పుట్టకపోలేదు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. మొలవకపోతే వాన మీదో పురుగు మీదో పోతుంది. కానీ ఊరు పంట పోగొట్టుకున్నాక ఆ బోర్డు ముందు నుంచి తను ఎలా నడుస్తుంది? ఇంటికి పోయి నాయనకు చెప్పింది.

హుస్సేన్ వలి మోపెడ్‌కు గొలుసు బిగిస్తున్నాడు. విని, చేతులు తుడుచుకుని, లోపలికి పోయి గొట్టం తెచ్చి కూతురి ముందు పెట్టాడు.

“ఇరవై ఏండ్లు దీన్ని ఎత్తుకోని తిరిగినా. ఎవురూ నవ్వుతా తలుపు తీయల్యా,” అన్నాడు. “నేను రాను. నేనొస్తే బేరమనుకుంటారు. నువ్వు పో. పొయ్యి ఉన్నది చెప్పు.”

ముంతాజ్ నేరుగా క్లబ్బు గదికి పోయింది. తడిగుడ్డ తీసుకుని బోర్డు తుడవసాగింది. ఎదురుగా టీ కొట్టు దగ్గర పదిమంది ఉన్నారు, వాళ్ళలో నరసింహులు కూడా ఉన్నాడు. ఆయన గ్లాసు పెట్టేసి లేచి వచ్చాడు.

“నా తొంభై ఎనిమిది ఎందుకు తుడుస్తాండావు పాపా?”

“అది నీ విత్తనం లెక్క కాదు పెద్దనాయనా. పెద్దమ్మ ఏరిచ్చిన గింజల లెక్క,” అంది ముంతాజ్. తుడవడం ఆపలేదు. “నేను చెయ్యి పెట్టి తీసుకోవాల్సింది. సిగ్గుపడి అడిగి తెప్పించుకున్యా. తప్పు నాది. మళ్ళా చూడాల.”

టీ కొట్టు దగ్గర ఒకరు నవ్వారు. ఇంకొకరు, భూమి లేనోళ్ళకు విత్తనం సంగతి అప్పజెబితే ఇట్లే ఉంటుంది అన్నారు. నరసింహులు నవ్వలేదు, ఆయన ముఖం ఎర్రబడింది. ఆళ్ళగడ్డలో చెప్పుకున్న తొంభై ఎనిమిది ఆయన కళ్ళ ముందే తడిగుడ్డలోకి పోయింది మరి. చూడాలంటే రేపు చూసుకో, ఈ రోజు శుక్రవారం, గింజ గడప దాటదు అన్నాడు. ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు. శుక్రవారం ఇంట్లోంచి ధాన్యం బయటికి ఇవ్వకపోవడం ఆ ఊళ్ళో ముసలివాళ్ళ నుంచి వస్తున్న పట్టింపు.

రేపు చుడితే బుధవారానికి గానీ లెక్క రాదు. బుధవారం పొద్దున్నే ట్రాక్టర్లు పొలంలో ఉంటాయి. ముంతాజ్‌కు ఆ పట్టింపులోనే దారి కనపడింది.

“గింజ గడప దాటే పన్లే పెద్దనాయనా. మీ ఇంట్లోనే చుడతా. మీ ఇంట్లోనే ఉంటాది. నీళ్ళు మీరే చల్లండి, మంగళవారం మీరే ఎంచుకోండి,” అంది.

నరసింహులు ఏదో అనబోయేలోగా వీధి మలుపు తిరిగి కొండమ్మ వచ్చింది. కొళాయి దగ్గర పిల్ల ముఖం చూసినప్పటి నుంచి ఆమెకు మనసు మనసులో లేదు. తను ఏరిన గింజలకు ఈ పిల్ల నలుగురిలో తలదించుకోవాలా అని మొగుణ్ణి అడిగి, ముంతాజ్ చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. వెనక నరసింహులు, ఆయన వెనక టీ కొట్టు సగం కదిలింది.

లోపలి గదిలో బస్తాల ముందు నరసింహులు అడ్డంగా నిలబడ్డాడు. గొట్టం మాత్రం నా విత్తనంలో పెట్టేది లేదన్నాడు. ముంతాజ్ గొట్టాన్ని ఆయన చేతికే ఇచ్చింది. మీరే గుచ్చండి అంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎన్నిసార్లు దాన్ని తిట్టుకున్నాడో గానీ చేత్తో పట్టుకోవడం అదే మొదలు. బస్తా నడుమకు గుచ్చాడు. జారిన గింజలు అరచేతిలో పడ్డాయి. కిటికీ దగ్గరికి పోయి చూసుకున్నాడు. కొన్నిటికి సూది మొన దిగినంత రంధ్రాలు ఉన్నాయి. ఇంకో బస్తాలో గుచ్చాడు, తర్వాత ఇంకోదాంట్లో.

ఆ తర్వాత పని తేలికైంది. నరసింహులే గుచ్చాక మిగతావాళ్ళు కాదనడానికేముంది? ముంతాజ్, హరీష్, క్లబ్బు పిల్లలు ఇంటింటికీ తిరిగారు. ప్రతి ఇంట్లో ఇంటివాళ్ళే గుచ్చారు, ఇంటివాళ్ళే నూరు ఎంచారు, ముంతాజ్ తడి గోనెలో చుట్టి పురికొసతో కట్టి నీళ్ళ కుండల పక్కన నిలబెట్టింది. పొద్దు వాలేసరికి పద్నాలుగు ఇళ్ళలో పద్నాలుగు చుట్టలు. ఒక్క గింజ కూడా గడప దాటలేదు.

ఆ నాలుగు రోజులు ఊళ్ళో వేరే మాట లేదు. ఆడవాళ్ళు పూటపూటా నీళ్ళు చల్లారు. కొండమ్మ ఎక్కువ చల్లి గోనె కుళ్ళబెడుతుందేమోనని నరసింహులు చెంబు దాచాడు. ముంతాజ్ మాత్రం అన్నం సరిగా తినలేదు. అందరి విత్తనమూ బాగుంటే తను వెర్రిదానిలా ఊరిని తిప్పినట్టు, బాగా లేకపోతే మరి విత్తేదేమిటి? రెండు వైపులా భయమే.

మంగళవారం సాయంత్రం అరుగుల మీద చుట్టలు విప్పారు. ఎవరి లెక్క వాళ్ళే చూసుకున్నారు. పది ఇళ్ళ విత్తనం ఎనభై ఐదుకు పైన వచ్చింది. రెండిళ్ళది డెబ్భైల్లో ఉంది, కాస్త ఒత్తుగా విత్తితే సరిపోతుంది. రంగయ్యది యాభై మూడు. అందరికంటే మంచిది సరస్వతమ్మది, తొంభై నాలుగు. మొదటిసారీ అంతే వచ్చింది. మొగుడు పోయాక మూడెకరాలు ఒంటిచేత్తో చేసుకుంటున్న మనిషి, ఎండిన వేపాకు కలిపి బస్తా మూతి కుట్టి పెట్టుకుంది.

నరసింహులు మూడుసార్లు ఎంచాడు. నలభై ఒకటి.

ఆయన లేచి క్లబ్బు గదికి నడిచాడు. ముంతాజ్ వెనకే పోయింది. ఆయన సుద్దముక్క తీసుకుని, తుడిచిన చోటే తన పేరు రాసి పక్కన 41 వేశాడు. చేతికంటిన సుద్ద పంచెకు తుడుచుకున్నాడు.

“రేపు ఇరవై ఎకరాలు మన్నులో కలిసేది,” అన్నాడు, ఎవరితోనో కాదు, బోర్డుతోనే అన్నట్టు. ముంతాజ్ వైపు తిరిగాడు. “ఎవురి కాడ మంచి విత్తనం మిగుల్తాదో నువ్వే చెప్పు పాపా.”

హరీష్ ఇంట్లో, ఇంకో రెండిళ్ళలో బస్తాలు మిగులు ఉన్నాయి. సరస్వతమ్మ కూడా ఒక బస్తా ఇస్తానంది. క్లబ్బు పిల్లలు నరసింహులు బస్తాలూ రంగయ్య బస్తాలూ పప్పుకు పంపేవాటిలో చేర్చి, బస్తాకు బస్తా మార్చి ఇళ్ళకు మోశారు. క్రికెట్ కిట్టు కోసం చేరిన పిల్లలు ఆ రోజు భుజాలు కందేదాకా మోశారు. బుధ, గురువారాల్లో విత్తు అయిపోయింది.

తర్వాత వారం ముంతాజ్ పొలాల వైపు పోలేదు. భయం. ఎనిమిదో రోజు పొద్దున ఇంటి ముందు మోటార్‌సైకిల్ ఆగింది. నరసింహులు దిగాడు. శనగలు అమ్మడానికి ఆయన హుస్సేన్ వలిని తన ఇంటికి పిలిపించుకునేవాడే గానీ, ఆ గడపకు ఎన్నడూ రాలేదు. గుల్జార్‌బీ కంగారుగా కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు.

“సాళ్ళు కనపడతాండాయి హుస్సేనూ. యాడా సందు లేదు,” అన్నాడు. “పాపను తోలుకరా. చూసుకోనీ.”

ఆ పొద్దు గట్టు మీద నిలబడి ముంతాజ్ ఏడ్చింది. నల్లటి నేల మీద ఆ చివరి నుంచి ఈ చివరికి తీగ లాగినట్టు పచ్చటి వరుసలు. రెండు వారాలుగా గుండెల మీదున్న బరువు ఒక్కసారి దిగిపోయింది, ఆమె అక్కడే గట్టు మీద కూర్చుంది. హుస్సేన్ వలి పక్కనే కూర్చుని కూతురి తల మీద చెయ్యి వేశాడు. ఇన్నేళ్ళ తన తిరుగుడులో ఏ బేరమూ ఇంత బాగా కుదరలేదని తర్వాత గుల్జార్‌బీతో అన్నాడట.

నంద్యాల అధికారికి ముంతాజ్ జరిగింది దాచకుండా చెప్పింది. ఆయన విని, ఈ తప్పు చేసినవాళ్ళే ఈ పనిని బాగా నేర్పగలరు అన్నాడు. అలా మొదలైనవే గడివేముల, కోయిలకుంట్ల బస్సు ప్రయాణాలు. హుస్సేన్ వలి తనకు కొత్త గొట్టం కొనుక్కున్నాడు, పాతది కూతురికే వదిలేశాడు.

ఈ ఏడాది అక్టోబర్ మొదట్లో ముంతాజ్ కొండమ్మ ఇంటికి పోయేసరికి బస్తాలు అరుగు మీదికి తెచ్చి పెట్టి ఉన్నాయి. కొండమ్మ గొట్టం తనే అందుకుని పైన, నడుమ, అడుగున గుచ్చి గింజలు పళ్ళెంలో పోసింది. గింజలతో పాటు చిన్న మట్టిపెళ్ళ, రెండు పొట్టు ముక్కలు, ఒక పుచ్చు గింజ పడ్డాయి. మట్టినీ పొట్టునూ ఊది పారేసి ఇద్దరూ నూరు ఎంచారు. నూరింటిలో ఆ పుచ్చు గింజ కూడా వచ్చింది. కొండమ్మ చెయ్యి అలవాటుగా దాని మీదికి పోయింది. మధ్యలో ఆగింది. చెయ్యి వెనక్కి తీసుకుని కొంగులో పెట్టుకుంది.

“ఉండనీలే పాపా,” అంది. “అది గూడా మా ఇంటి గింజే గదా.”

నాలుగు రోజుల తర్వాత చుట్ట విప్పితే తొంభై ఒకటి మొలిచాయి. మిగతా తొమ్మిది యాడ పోయినాయని కొండమ్మ అడగలేదు.